సేవకు వెళ్లినవాళ్లకు సెలవెందుకు?

చదువు మధ్యలో నాలుగైదు వారాలు వీలు చేసుకుని, వేరే దేశంలో స్వచ్ఛందంగా పనిచేసి రావడం మన పిల్లల్లోనూ ఇప్పుడు వింతేమీ కాదు. వైద్య విద్యార్థులు ఆసుపత్రుల్లో పెద్ద డాక్టర్ల వెంట తిరుగుతూ చేతనైన సాయం చేస్తారు. మిగతా చదువుల వాళ్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రంలోనో, పర్యావరణ కార్యక్రమంలోనో, ఏదైనా పెద్ద క్రీడోత్సవంలోనో చేరతారు. బయల్దేరే ముందు వీసా, టికెట్టు, టీకాలు, ఇన్సూరెన్సు మొదలుకుని మాగాయి సీసా సామాన్లలో పడుతుందా లేదా అన్నదాకా ఇంటిల్లిపాదీ మాట్లాడుకుంటారు. వారానికోసారి వచ్చే సెలవు రోజు సంగతి మాత్రం ఎవరికీ తట్టదు. తీరా ఆ రోజు వచ్చాక ఇంటి నుంచి ఫోను: "అంతదూరం పోయి రూములో పడుకున్నావా? నాలుగు చోట్లూ తిరిగి చూడకూడదూ!" ఇంకోపక్క, పనికోసం వచ్చి ఖాళీగా కూర్చున్నామే అన్న బెరుకు. ఈ రెంటి మధ్యా నలిగి ఆ రోజు విశ్రాంతికీ కాకుండా, పనికీ కాకుండా పోతుంది. నా ఉద్దేశంలో ఆ రోజు పనివారంలో భాగమే. దాన్ని మింగేస్తే చేసిన సేవ పెరగదు, తరుగుతుంది. పైగా దాన్ని గడపడానికి ఓ మంచి పద్ధతి కూడా ఉంది. బస్సెక్కి ఇంకో నగరానికి పరుగెత్తకుండా, పనిచేస్తున్న ఊళ్లోనే, ఏ జాబితా పెట్టుకోకుండా, అతిథిలా ఉండటమే ఆ పద్ధతి. ఈ సంగతి తేల్చుకోవడానికి అల్ ఐన్ కంటే అనువైన ఊరు గల్ఫ్‌లో దొరకడం కష్టం.

అల్ ఐన్ యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ (యుఏఈ)లోని అబుదాబి ఎమిరేట్‌లోది. అబుదాబి నగరం నుంచీ దుబాయి నుంచీ రమారమి గంటన్నర ప్రయాణం. ఒమన్ సరిహద్దును ఆనుకుని ఉంటుంది. కంచె దాటితే బురైమీ. ఇక్కడ సముద్రం లేదు, ఆకాశాన్నంటే మేడలు లేవు. నగరం నడిబొడ్డునే ఖర్జూర తోటలు, దక్షిణాన 1,200 మీటర్లకు పైబడిన జెబెల్ హఫీత్ కొండ, దాని పాదాన వేణ్ణీళ్ల బుగ్గలు. హఫీత్, హిలి, బిదా బింత్ సౌద్ పురావస్తు స్థలాలనూ ఇక్కడి ఒయాసిస్సులనూ కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది; యుఏఈ నుంచి ఆ జాబితాకెక్కినవాటిలో ఇదే మొదటిది. దేశపు తొలి విశ్వవిద్యాలయం యుఏఈ యూనివర్సిటీ 1976లో ఇక్కడే మొదలైంది. తవామ్ ఆసుపత్రి 1979లో వచ్చింది. విశ్వవిద్యాలయం, ఆసుపత్రులు, తవ్వకాలు ఒక్కచోటే ఉండటంతో బయటి దేశాల విద్యార్థులకు అల్ ఐన్‌లో పని ఉంటుంది. కాలక్షేపం మాత్రం ఉండదని దుబాయిలో ఉండేవాళ్లు కాస్త చులకనగా అంటుంటారు. ఆ చులకనలోనే ఈ ఊరి బలం ఉందని ముందుముందు చూద్దాం.

ముందు సెలవు సంగతి. మనం ఆదివారాన్ని పుట్టుకతో వచ్చిన హక్కులా అనుభవిస్తున్నాం గానీ, బొంబాయి మిల్లు కార్మికుల కోసం జ్యోతిరావు ఫూలే శిష్యుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏళ్ల తరబడి పోరాడితేగానీ 1890 జూన్ 10న అది దక్కలేదు. 1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం చేసింది: ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ప్రతి ఏడు రోజుల్లో వరసగా 24 గంటల విశ్రాంతి ఉండాలి. దాన్ని భారతదేశం 1923లోనే ఆమోదించింది. యుఏఈలో కథ ఇంకా ఆసక్తికరం. 1980 నాటి కార్మిక చట్టం శుక్రవారాన్ని వారపు సెలవుగా రాసింది. ప్రభుత్వ ఆఫీసులకు 2006 దాకా గురు, శుక్రవారాలు సెలవు; ఆ ఏడాది శుక్ర, శనివారాలయ్యాయి; 2022 జనవరి 1 నుంచి శుక్రవారం సగం పూట పని, శని, ఆదివారాలు పూర్తి సెలవు. ప్రైవేటు సంస్థలకు 2022 ఫిబ్రవరి నుంచి అమలైన కొత్త చట్టం రోజు పేరు చెప్పడం మానేసి, వారానికి కనీసం ఒక రోజు జీతంతో కూడిన విశ్రాంతి ఇవ్వాలంది. పదిహేను పదహారేళ్ల వ్యవధిలో వారాంతపు సెలవు ఈ కొస నుంచి ఆ కొసకు జరిగింది. మతానికి శుక్రవారం ముఖ్యం, వ్యాపారానికి ఆదివారం ముఖ్యం. ఏది నెగ్గినా ఏడింటిలో కనీసం ఒకటి అన్న లెక్క మాత్రం చెక్కుచెదరలేదు. ఇంత భిన్నమైన సమాజాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే లెక్క దగ్గర ఆగాయంటే, అది సోమరితనానికి వేసుకున్న ముసుగని కొట్టిపారేయలేం.

వైద్యరంగంలో ఆధారాలు ఇంకా సూటిగా ఉన్నాయి. బోస్టన్‌లో ఇంటెన్సివ్ కేర్ వార్డుల్లో పనిచేసే ఇంటర్న్‌ల మీద జరిగిన పరిశోధన 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. 24 గంటలు, ఆపైన సాగే డ్యూటీలు చేసినప్పుడు వాళ్ల చేతుల మీదుగా జరిగిన తీవ్రమైన పొరపాట్లు, అలాంటి డ్యూటీలు తీసేసినప్పటి కంటే 36 శాతం దాకా ఎక్కువ. అంతకు ఏడాది ముందే అమెరికాలో రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 80 గంటల పరిమితీ, ఏడు రోజుల్లో ఒకరోజు పూర్తి సెలవూ నియమంగా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెలువరించిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. ఇవి ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేసేవాళ్ల లెక్కలు కదా, నెల రోజులకు వచ్చే విద్యార్థికి ఎలా వర్తిస్తాయని అడగవచ్చు. పక్షవాతం లెక్క వర్తించదు, ఒప్పుకోవాల్సిందే. పొరపాట్ల లెక్క వర్తిస్తుంది. పొరపాటుకు ఏళ్ల అలసట అక్కర్లేదు, ఒక్క వారం చాలు. కొత్తవాడికైతే అంతకూడా అక్కర్లేదు. ఊరు కొత్త, భాష కొత్త, మందుల పేర్లు కొత్త. రోగి అరబ్బీలో చెప్పింది నర్సు ఇంగ్లిషులోకి మారిస్తే, దాన్ని మళ్లీ మనసులో తెలుగులోకి మార్చుకుని అర్థం చేసుకునే బుర్రకు సాయంత్రానికి ఎంత ఓపిక మిగులుతుంది? పక్క బెడ్డు దగ్గర, పుట్టి పెరిగిన ఊళ్లోనే పనిచేసేవాళ్లకంటే అతనే ముందు అలిసిపోతాడు.

ఉన్నది నాలుగు వారాలే, సెలవులు తీసేస్తే నాలుగు రోజులు అదనంగా సాయపడవచ్చు కదా అన్నది తర్వాతి ప్రశ్న. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ విద్యార్థి వాలంటీరు ఒంటరిగా పనిచేయడు. అతన్ని కనిపెట్టుకుని ఉండటానికి స్థానికంగా ఒకరు తమ పని కొంత పక్కన పెట్టుకోవాలి. నేర్పించాలి, సరిదిద్దాలి, సంతకాలు పెట్టాలి. సెలవు రోజున కూడా అతను వార్డులో హాజరైతే ఆ బరువు ఎవరి నెత్తిన పడుతుంది? మన దేశంలో జాతీయ సేవా పథకాన్ని (ఎన్‌ఎస్‌ఎస్) రూపొందించినవాళ్లకు ఈ సంగతి తెలుసు. గాంధీజీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో మొదలైన ఆ పథకం వాలంటీరు నుంచి అడిగేది రెండేళ్లలో 240 గంటలు, ఏడు రోజుల శిబిరం. అంటే ఏడాదికి 120 గంటలు. చదువును చెడగొట్టనంత, ఊరికి బరువు కానంత కొలతలో సేవను అడిగారు. ఎన్‌ఎస్‌ఎస్ శిబిరానికి వెళ్లొచ్చిన ఎవరినైనా కదిపి చూడండి. వేసిన రోడ్డు గురించి ఒక ముక్క చెప్పి, సాయంత్రాలు రచ్చబండ మీద ఊరివాళ్లతో పెట్టిన కబుర్ల గురించి గంట చెబుతారు. ఆ గంటలో ఉన్నదాన్ని నేను తక్కువ చేయను.

ఇక్కడినుంచే అసలు వాదన మొదలవుతుంది. అలసట తీరడమొక్కటే లక్ష్యమైతే దుప్పటి ముసుగేసుకుని పడుకున్నా సరిపోతుంది. సెలవు రోజు చేసే ఇంకో పని ఉంది. ఇచ్చేవాణ్ని పుచ్చుకునేవాణ్ని చేస్తుంది. పనిరోజుల్లో వాలంటీరు ఎప్పుడూ పైచేయిగా ఉంటాడు. తెల్లకోటో, మెడలో కార్డో, చేతిలో ఫైలో ఉంటుంది. ఎదుటివాళ్లు అతనికి రోగులు, విద్యార్థులు, లబ్ధిదారులు. సెలవు రోజున ఆ కార్డు గదిలో ఉండిపోతుంది. బజారులో దారి తెలియక నిలబడ్డ కుర్రాడికి దారి చూపించేది ఊరివాళ్లే. అరబ్బుల ఇంట కాఫీ మర్యాద చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఆ కాఫీ, దాంతోపాటు మజ్లిస్ అనే కూర్చుని మాట్లాడుకునే ఆచారం, రెండూ 2015లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాకెక్కాయి. పిడిలేని చిన్న గిన్నెలో అడుగున కొంచెమే పోస్తారు. నిండా పోయడం మర్యాద కాదు. త్వరగా తాగి వెళ్లమన్నట్టవుతుంది. పోసేవాళ్లు ఎడమచేత్తో దల్లా అనే కూజాను పట్టుకుంటారు, అతిథి కుడిచేత్తో గిన్నె అందుకోవాలి. పక్కన ఖర్జూరాలుంటాయి. తాగడం అయ్యాక ఊరికే తిరిగిచ్చేస్తే మళ్లీ పోస్తారు. చాలనుకుంటే గిన్నెను వేళ్ల మధ్య అటూ ఇటూ ఊపాలి. ఎంత గొప్ప చదువు చదివినవాడైనా ఈ ఊపడం తెలియకపోతే కాఫీ తాగుతూనే ఉంటాడు. ఎవరో నవ్వుతూ చేసి చూపించాలి. నేర్చుకునేవాడి స్థానంలో కూర్చోవడమంటే ఇదే. పనిరోజున ఏ పర్యవేక్షకుడూ దీన్ని నేర్పలేడు.

అల్ ఐన్ చరిత్రలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1960లో అమెరికా నుంచి పాట్ కెనెడీ, మేరియన్ కెనెడీ అనే డాక్టరు దంపతులు పాలకుల ఆహ్వానం మీద ఈ ఊరికి వచ్చారు. అప్పటికి ఈ ప్రాంతంలో ఆసుపత్రన్నది లేదు. పుట్టిన బిడ్డల్లో దాదాపు సగంమంది బతికేవారు కాదని ఆసుపత్రి చరిత్ర చెబుతుంది. అప్పట్లో ఇక్కడ పాలకుడి ప్రతినిధిగా ఉన్న షేక్ జాయెద్ ఇచ్చిన మట్టి ఇటుకల అతిథిగృహంలోనే వైద్యం మొదలుపెట్టారు. అదే ఒయాసిస్ ఆసుపత్రి అయింది. ఇప్పటి దేశాధ్యక్షుడు షేక్ మొహమ్మద్ బిన్ జాయెద్ 1961లో పుట్టింది అక్కడే. 2019లో కెనెడీల పేరును అరబ్బు నోటికి తగ్గట్టు కనద్‌గా మార్చి ఆసుపత్రికి పెట్టారు. 1962లో కెనడా నుంచి గెర్ట్రూడ్ డైక్ అనే నర్సు వచ్చి దశాబ్దాలపాటు ఇక్కడే ఉండిపోయింది. స్థానికులు ఆమెను దాక్తూరా లతీఫా అని పిలుచుకున్నారు. తన అల్ ఐన్ జ్ఞాపకాలను ఆమె పుస్తకంగా రాస్తే దాని మీద కూడా ఆ పేరే వేసుకుంది. వీళ్లు నెల రోజుల విద్యార్థులు కారు, నిజమే, జీవితకాలం ఇచ్చినవాళ్లు. అయినా ఒక్క సంగతి గమనించాలి. చికిత్స చేసినవాళ్లకు ఊరు కృతజ్ఞత చూపిస్తుంది. తమ పేరు పెట్టి పిలుచుకోవడం మాత్రం తమ వాకిట్లో కూర్చుని తమ తిండి తిన్నవాళ్లకే దక్కుతుంది. నెల రోజుల్లో ఎవరూ లతీఫా కాలేరు. ఆమె దారి ఎటు పోయిందో తెలుసుకోవడానికి నెల చాలు.

సెలవు రోజు ఉదయం అల్ ఐన్ ఒయాసిస్సులోకి వెళితే టికెట్టు ఉండదు. లక్షా నలభై వేలకు పైగా ఖర్జూర చెట్లున్న తోట అది. బాటలకు రెండువైపులా నడుమెత్తు మట్టిగోడలు, వాటి వెనక ఎవరి కమతం వారిది. బాట దాటి లోపలికి అడుగుపెట్టకూడదు. పైన ఖర్జూరపు మట్టలు గొడుగు పడితే, ఆ నీడలో మామిడి, అరటి, నిమ్మ, వాటి కింద పశువుల మేత. మూడంతస్తుల సేద్యం. చెట్ల మొదళ్ల చుట్టూ పాదులు, పాదుల మధ్య సన్నటి కాలవలు. నీళ్లు వచ్చేది ఫలజ్ ద్వారా. కొండవైపు ఎత్తులో తల్లిబావి తవ్వి, అక్కడినుంచి భూమి లోపలే సన్నని వాలుతో సొరంగం తీసి, మధ్యమధ్య మట్టి తోడటానికి నిలువు బావులు పెట్టి, మోటారు లేకుండా నీటిని తోట దాకా నడిపించే ఏర్పాటు అది. అల్ ఐన్ పరిసరాల్లో దొరికిన పాత ఫలజ్‌ల వయసు దాదాపు 3,000 ఏళ్లు. నీళ్లు పైకి తేలాక వంతులవారీగా పంచుకుంటారు. ఒక్కో మడికి ఇంతసేపని లెక్క. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము దగ్గర నీరటికాడు చేసే పనికీ దీనికీ తేడా తక్కువ. నీటిని కాలంతో కొలిచిన రెండు నేలలు ఇవి. ఇప్పుడు భూగర్భజలం అడుగంటి ఫలజ్‌లోకి పంపుల నీరు కూడా వదలాల్సి వస్తోంది. ఆ పాఠం మనకు కొత్తది కాదు. కాలవకు అడ్డంగా ఓ రాయి, దాని చుట్టూ పాత గుడ్డ కుక్కి నీటిని పక్క మడికి తిప్పే మనిషిని అరగంట నిలబడి చూస్తే, ఈ ఊరు ఎందుకు నిలబడిందో చరిత్ర పుస్తకం కంటే బాగా తెలుస్తుంది. అరగంట నిలబడాలంటే చేతిలో అరగంట ఉండాలి. టూరు బస్సు దిగి ఫొటో తీసుకుని ఎక్కేవాడి దగ్గర ఉండదది.

దుబాయి చూడకుండా తిరిగి వస్తామా అన్నది తెలుగు ఇళ్లలో ఖాయంగా వచ్చే ప్రశ్న. బుర్జ్ ఖలీఫా ముందు ఫొటో లేకపోతే వెళ్లినట్టే లెక్క కాదు. పిన్నిగారో బాబాయిగారో షార్జాలో ఉంటే వాళ్లింట్లో భోజనానికి వెళ్లకపోవడం పెద్ద తప్పు. నేను వెళ్లొద్దనడం లేదు. పని పూర్తయ్యాక రెండు రోజులు అట్టేపెట్టుకుని వెళ్లండి, పిన్ని చేతి గుత్తివంకాయ తినండి. వారం మధ్యలో దొరికిన ఒక్క రోజును తెల్లవారుజామున బస్సెక్కి అర్ధరాత్రి తిరిగివచ్చే ప్రయాణానికి ధారపోయడమే వద్దంటాను. మర్నాడు పొద్దున వార్డులో ఆవలించేది ఆ ఫొటోలోని మనిషే. ఈ విషయంలో ఓ పాత బాటసారి ఆదర్శం. 1948లో బ్రిటిష్ యాత్రికుడు విల్‌ఫ్రెడ్ థెసిజర్ ఒంటెల మీద రుబ్ అల్ ఖాలీ ఇసుక సముద్రాన్ని దాటి, షేక్ జాయెద్ ఉన్న ఇక్కడి మువైజీ కోటకు చేరాడు. ఇక్కడివాళ్లు అతన్ని ముబారక్ బిన్ లండన్ అన్నారు. అంత దూరం నడిచినవాడు కూడా ఇక్కడ ఆగాడు, కోట బయట జాయెద్ పంచాయితీలు తీర్చడం చూస్తూ కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోంచే అతని పుస్తకంలో జాయెద్ గురించిన భాగం వచ్చింది. 1890లలో కట్టిన అల్ జాహిలీ కోటలో ఇప్పుడు అతని ప్రయాణాల మీద శాశ్వత ప్రదర్శన ఉంది. మధ్యాహ్నపు ఎండ తప్పించుకోవడానికి మందపాటి మట్టిగోడల ఆ కోట మంచి చోటు.

ఎండ మాట వచ్చింది కాబట్టి, విశ్రాంతిని ఇక్కడ వాతావరణమే చట్టంగా రాసిపెట్టిందని చెప్పాలి. అల్ ఐన్ ప్రాంతంలోని స్వైహాన్‌లో 2025 ఆగస్టు 1న 51.8 డిగ్రీలు నమోదయ్యాయి. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఆరుబయట ఎండలో కార్మికులతో పని చేయించకూడదు. చేయిస్తే ఒక్కో కార్మికుడికి 5,000 దిర్హాములు, గరిష్ఠంగా 50,000 జరిమానా. పాత బజారులో చిన్న దుకాణాలు చాలావరకు మధ్యాహ్నం షట్టర్లు దించి, సాయంత్రపు అసరు నమాజు వేళకు గానీ తెరవవు. ఊరు ఊరంతా ఆగే వేళలో పరుగెత్తేవాణ్ని చూసి ఇక్కడివాళ్లు కష్టజీవి అనుకోరు, తెలియనివాడు అనుకుంటారు.

అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి. విశ్రాంతి గురించి ఇంత మాట్లాడటం విద్యార్థికి చెల్లుతుంది. జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, కోనసీమ నుంచో, రాయచోటి నుంచో వచ్చినవాళ్లకు చెల్లుతుందా? అదే ఊళ్లో కట్టడాల మీదా, తోటల్లోనూ, ఇళ్లలోనూ పనిచేసే తెలుగువాళ్లకు సెలవు అంటే ఏమిటో చూడండి. ఆ రోజే వారం బట్టలు ఉతకాలి, క్షవరం చేయించుకోవాలి, ఎక్స్‌ఛేంజ్ దగ్గర లైనులో నిలబడి ఇంటికి డబ్బు పంపాలి, రూములో వంట వంతు తనదైతే పదిమందికీ వండాలి. వాట్సాప్ కాల్ అక్కడ కలవదు కాబట్టి బోటిమ్ యాప్‌లో పిల్లల ముఖాలు చూడాలి. ఓవర్‌టైం దొరికితే అదీ వదులుకోరు. అప్పు తీరేది ఆ డబ్బుతోనే. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల సంగతి ఇంకా సున్నితం. 2022 డిసెంబర్ నుంచి అమలైన గృహ కార్మికుల చట్టం వాళ్లకూ వారానికో రోజు జీతంతో సెలవు ఇవ్వాలంటోంది. నాలుగు గోడల మధ్య అది ఎంతవరకు అందుతుందన్నది యజమాని మంచితనాన్ని బట్టే ఉంటోంది. ఇదంతా నిజం కనుక విద్యార్థి తన సెలవు వదులుకోవాలా? వదులుకుంటే వాళ్లకేమీ కలిసిరాదు. అతను సెలవును సెలవుగా వాడుకుంటేనే, అది దొరకనివాళ్లు పోగొట్టుకుంటున్నదేమిటో అతనికి అర్థమవుతుంది. రేపు అతనే డాక్టరై వెన్నునొప్పితో వచ్చిన గల్ఫ్ కూలీని పరీక్ష చేసేటప్పుడు "వారానికి ఎన్ని రోజులు పని?" అని అడుగుతాడు. విశ్రాంతిని తానే అలక్ష్యం చేసినవాడికి ఆ ప్రశ్న తట్టదు.

అలాగని సెలవు రోజున కార్మికుల క్యాంపుకు వెళ్లి ఉచిత వైద్య శిబిరమో, చందాలు పోగుచేసి పంపకమో పెట్టేద్దామన్న ఉత్సాహం వద్దు. మంచి ఉద్దేశంతోనే చాలామంది కుర్రాళ్లకు ఈ ఆలోచన వస్తుంది. యుఏఈలో స్వచ్ఛంద సేవకు 2018లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. అనుమతి ఉన్న సంస్థ ద్వారా నమోదై చేయాల్సిందే. చందాల సేకరణ మీద 2021 నాటి చట్టం ఇంకా కఠినం. అనుమతి లేని వ్యక్తి డబ్బు వసూలు చేస్తే శిక్ష ఉంటుంది. చట్టం సంగతి అటుంచినా, ఆరు రోజులు ఎవరి మాటో విన్న మనిషికి ఏడోరోజు వచ్చి ఆరోగ్య సూత్రాలు చెప్పడం అతని సెలవును తినేయడమే. క్యాంపులో ఎవరైనా ఊరివాడు కనిపించి "తమ్మీ, తిని పో" అంటే కూర్చుని తినండి. చికెన్ కూర బాగుందని చెప్పండి, గిన్నెలు కడగడంలో చెయ్యి వేయండి. అంతకుమించి ఆ రోజున ఎవరూ ఏమీ ఆశించరు.

కాబట్టి పంపే కాలేజీలకూ, వెళ్లే పిల్లలకూ, సాగనంపే అమ్మానాన్నలకూ ఓ విన్నపం. అంగీకార పత్రంలో పనివేళలు, వసతి, ఇన్సూరెన్సు చూసినట్టే వారపు విశ్రాంతి రోజు ఏదన్నది కూడా రాసి ఉందేమో చూడండి, లేకపోతే రాయించుకోండి. శనివారమా, ఆదివారమా, ఆసుపత్రి డ్యూటీ వరసను బట్టి మారుతుందా అన్నది ముందే అడగండి. రంజాన్ నెలలో వెళుతుంటే పగలు హోటళ్లు, పనివేళలు, బజారు వేళలు మారతాయి కనుక దానికి తగ్గట్టు సర్దుకోండి. వేసవిలో అయితే బయట తిరగడం పొద్దున తొమ్మిదికి ముందూ, పొద్దుగూకాకానూ పెట్టుకోండి. ఇక ఆ రోజున ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఏం చేశావని అమ్మ అడిగితే, ఏమీ చేయలేదని ధైర్యంగా చెప్పండి.